‘నా జీవిత లక్ష్యం’ అని రాసి వదిలేసిన ఖాళీ పేజీ

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నాను. నెలవారీ లెక్కలు సరిచూసి రిపోర్టులు తయారుచేయడం నా పని. జీతానికి లోటు లేదు, పై అధికారి మంచివాడే. అయినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండెల మీద రాయి పెట్టినట్టు ఉంటుంది. నేను పంపే రిపోర్టు ఎవరు చదువుతారో కూడా నాకు తెలియదు. నాతో చదువుకున్న స్నేహితుడు ఒకడు సొంతంగా సంస్థ పెట్టుకున్నాడు. పని గురించి మాట్లాడుతుంటే వాడి కళ్లు మెరుస్తాయి. నాకు అలాంటిది ఏదీ లేదు. ఫొటోగ్రఫీ మొదలుపెట్టాను, తర్వాత కోడింగ్, ఆ తర్వాత ఒక విదేశీ భాష. ఏదీ మూడు నెలలు దాటలేదు. రెండేళ్ల కిందట ఒక నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ‘నా జీవిత లక్ష్యం’ అని రాసి కింద గీత గీశాను. ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఈమధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి పని అర్థం కావడం లేదని రాత్రి పదకొండు దాకా కూర్చుని నోట్సు రాసిచ్చాను. ఇలాంటి వాటితోనే రోజులు గడిచిపోతున్నాయి. నా భార్య ‘ఉన్నదాంతో సంతోషంగా ఉండలేవా?’ అంటోంది. ఉద్యోగం మానేయాలా? నా దారేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అది ఏదో చివర్లో చెబుతాను. ముందు మీరు సూటిగా అడిగినదానికి సూటిగానే జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. అది గొప్ప ఉద్యోగమని చెప్పడం లేదు. ఎటు వెళ్లాలో తేలకముందే ఉన్నచోటు వదిలేస్తే, మర్నాటి నుంచి మీ ఆలోచనలన్నీ డబ్బు చుట్టూనే తిరుగుతాయి. మీకు ఏది నప్పుతుందో, ఏది నప్పదో నింపాదిగా చూసుకునే వీలు పోతుంది. నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం ప్రస్తుతం మీకు చేస్తున్న పెద్ద మేలు ఆ నింపాదే. దాన్ని వాడుకోండి.

ఇంకొకటి కూడా ముందే అడగాలి. ఆ బరువు ఆదివారం సాయంత్రం వరకేనా? లేక నిద్ర సరిగా పట్టకపోవడం, తిండి మీద ఇష్టం తగ్గడం, ఒకప్పుడు హాయిగా అనిపించినవి కూడా రుచించకపోవడం ఇలా రెండు వారాలకు పైగా రోజూ ఉంటోందా? అలా ఉంటే లక్ష్యాల సంగతి పక్కనపెట్టి ముందు డాక్టరును కలవండి. డిప్రెషన్ చాలాసార్లు ‘నా జీవితానికి అర్థం లేదు’ అనే మాటలోనే బయటపడుతుంది. దానికి చికిత్స ఉంది. జ్వరంతో ఉన్నవాడు రుచి తెలియక అన్నాన్ని తప్పుపట్టినట్టు, మీరు మీ జీవితాన్ని తప్పుపట్టకూడదు. అదేమీ లేదు, సోమవారం గురించిన దిగులు ఒక్కటే అంటే మిగతాది చదవండి.

ఆ ఖాళీ పేజీ గురించి చాలాసేపు ఆలోచించాను. ‘జీవిత లక్ష్యం’ ఎంత పెద్ద మాటంటే, దాని కింద ఏం రాసినా చిన్నగానే కనిపిస్తుంది. ‘లెక్కల్లో తప్పు ఎక్కడుందో నాకు ఇట్టే తెలుస్తుంది’ అని రాయబోయి ఉంటారు. ఛ, ఇదీ ఒక లక్ష్యమేనా అని పెన్ను మూసేసి ఉంటారు. ఆ శీర్షిక కింద రాయడానికి మీకు అర్హత ఉన్నది ఏదీ లేదని మీకే అనిపించేలా చేసింది ఆ శీర్షికే. రెండేళ్లుగా ఆ నోట్‌బుక్ మీకు చేసిన సాయం ఏమీ లేదు, బాధపెట్టడం తప్ప. ఆ పేజీ చింపేయండి. మిగతా పేజీలతో మనకు పనుంది.

ఆ మాటలో ఒక నమ్మకం కూడా దాగి ఉంది. నా కోసమే పుట్టిన పని ఒకటి ఎక్కడో సిద్ధంగా ఉంది, దాన్ని కనిపెట్టడమే ఆలస్యం, ఆ తర్వాత అన్నీ వాటంతట అవే నడిచిపోతాయి అనే నమ్మకం. ఇది మనిషిని ఏం చేస్తుందో పాల్ ఒకీఫ్, కేరల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. ఫలితాలు 2018లో ప్రచురించారు. విద్యార్థులకు కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) గురించి ఆసక్తి కలిగించే వీడియో ఒకటి చూపించారు. వాళ్లకు అది నచ్చింది. తర్వాత అదే విషయం మీద కష్టమైన శాస్త్రీయ వ్యాసం చేతికిచ్చి చదవమన్నారు. దాంతో ఆసక్తి తగ్గింది. అయితే, ఆసక్తి అనేది మనిషిలో ముందే ఉంటుందని, దాన్ని కనిపెట్టాలని అనుకునేవాళ్లలో మరీ ఎక్కువగా పడిపోయింది. ఆసక్తి చేస్తూ ఉంటే పెరుగుతుందని అనుకునేవాళ్లు అంతగా డీలా పడలేదు.

ఇప్పుడు మీ మూడు నెలల లెక్క చూద్దాం. మొదటి నెలంతా కొత్త మోజు. రెండో నెల అలవాటు. మూడో నెల దగ్గరికి వచ్చేసరికి అసలు కష్టం మొదలవుతుంది. కెమెరా బటన్లు అన్నీ తెలిశాక, వెలుగు ఎటు నుంచి పడితే ముఖం ఎలా మారుతుందో చూడటం నేర్చుకోవాలి. పాఠంలో ఉన్న ప్రోగ్రాం రాయడం అయ్యాక సొంతంగా ఒకటి రాయాలి, అది నడవదు, ఎందుకు నడవదో తెలియదు. నేర్చుకున్న భాషలో ప్రశ్న అడగడం వచ్చాక, ఎదుటివాళ్ల జవాబు అర్థం కాదు. సరిగ్గా అక్కడే ‘ఇది నాది కాదేమో’ అనిపిస్తుంది. నిజంగా మనదైన పని అయితే ఇంత కష్టంగా ఉండదు కదా అనిపిస్తుంది. మీరు మూడుసార్లు వదిలేసింది మూడు వేరువేరు విషయాలను కాదేమో, మూడుసార్లూ ఒకే మలుపు దగ్గర వెనక్కి తిరిగారేమో చూసుకోండి. ఆ మూడింటిలో దేని గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు మనసు లాగుతోంది? ఏదీ లేకపోతే మూడింటినీ వదిలేయండి, అపరాధభావం అక్కర్లేదు. ఒకటి ఉంటే, దానికి ఇంకో మూడు నెలలు ఇవ్వండి. ఈసారి కష్టం ఎప్పుడు వస్తుందో తెలిసే వెళ్తారు.

అమూల్ పాల సంస్థను పెంచి పెద్దచేసిన వర్గీస్ కురియన్ సంగతి మీరు వినే ఉంటారు. ఆయన పాల రంగాన్ని కోరి ఎంచుకోలేదు. విదేశీ చదువుకు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ డెయిరీ ఇంజినీరింగ్‌కు దొరికింది, ఆయన మాత్రం అమెరికాలో మెకానికల్ ఇంజినీరింగ్ మీదే మనసు పెట్టి చదివి వచ్చారు. ఒప్పందం ప్రకారం ప్రభుత్వానికి పనిచేయాలి కాబట్టి 1949లో గుజరాత్‌లోని ఆనంద్ అనే ఊళ్లో ఉన్న ఒక ప్రభుత్వ పాల కేంద్రానికి పంపారు. అక్కడ ఆయనకు ఊపిరాడలేదు. ఎప్పుడెప్పుడు బయటపడదామా అని ఎదురుచూశారు. విడుదల దొరికి మూట కట్టుకుంటున్న సమయంలో, పక్కనే ఉన్న రైతుల సహకార సంఘం నాయకుడు త్రిభువన్‌దాస్ పటేల్ మా యంత్రాలు సరిచేసి పెట్టేదాకా కొన్నాళ్లు ఉండమని అడిగారు. ఉన్నారు. 2012లో చనిపోయేదాకా ఆయన ఊరు అదే. ఆ ‘కొన్నాళ్లు’లో ఏం జరిగిందో గమనించండి. యంత్రాలు అవే, పాలు అవే. పని ఎవరి కోసం చేస్తున్నారో వాళ్ల ముఖాలు కళ్లకు కనిపించాయి, తన చదువు వాళ్లకు పనికొస్తోందని తెలిసింది. ఇష్టం ఆ తర్వాత వచ్చింది. చాలామందికి అది వచ్చే వరస ఇదే. మనమేమో ఇష్టం ముందు రావాలి, పని తర్వాత మొదలుపెడతాను అని కూర్చుంటాం.

మీ స్నేహితుడి విషయం. దూరపు కొండలు నునుపు అంటారు కదా, దగ్గరికి వెళ్లి చూడండి. ఈసారి కలిసినప్పుడు సంస్థ ఎలా ఉందని అడగొద్దు. ‘పోయిన మంగళవారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశావు?’ అని గంట గంటకూ చెప్పించుకోండి. రావలసిన డబ్బు కోసం చేసిన ఫోన్లు, మానేసిన ఉద్యోగిని బతిమాలడం, పన్నుల కాగితాలు అన్నీ బయటికొస్తాయి. అదంతా విన్నాక కూడా ‘ఆ మంగళవారం నాకైతే బాగుండు’ అనిపిస్తే, అది అసూయ కాదు, ఆనవాలు. పట్టుకోండి. అలా అనిపించకపోతే మీరు ఇన్నాళ్లూ అసూయపడింది అతని కళ్లలో మెరుపును చూసి, అతని పనిని చూసి కాదు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన మాట దగ్గరికి వస్తాను. ‘నేను పంపే రిపోర్టు ఎవరు చదువుతారో కూడా నాకు తెలియదు.’ తొమ్మిదేళ్లు! నెలకు ఒకటి అనుకున్నా వందకు పైగా రిపోర్టులు. కళ్లకు గంతలు కట్టిన గానుగెద్దుకు తాను తీసే నూనె కనిపించదు. మీదీ అదే పరిస్థితి.

ఇది నాకు అనుభవమే. నా ఇరవై ఎనిమిదో ఏట నేనొక ఆఫీసులో పరిహారం దరఖాస్తులు పరిశీలించే సీట్లో ఉండేదాన్ని. దరఖాస్తు మీద సంతకం, పాత రికార్డులో సంతకం పోల్చి చూడాలి. కలవకపోతే ‘సంతకం సరిపోలలేదు’ అని అచ్చువేసిన చీటీ ఒకటి గుచ్చి వెనక్కి పంపాలి. రోజుకు నలభై, యాభై. సాయంత్రానికి కళ్లు లాగేవి, మనసు మొద్దుబారిపోయేది. నేను కూడా మీలాగే ఈ బతుకేమిటి అనుకుంటూ ఇంటికి వెళ్లేదాన్ని.

ఒకరోజు రెండుసార్లు తిరిగి వెళ్లిన దరఖాస్తు మూడోసారి వచ్చింది. కవరులో దానితోపాటు ఒక రూళ్ల కాగితం ఉంది. పొరపాటున పెట్టారో, కావాలనే పెట్టారో తెలియదు. కాగితం నిండా ఒకే సంతకం, ఒకదాని కింద ఒకటి, ఇరవైకి పైగా. మొదటి వరసల్లో అక్షరాలు వణికి పక్కకు వాలిపోయాయి. కిందికి వచ్చేకొద్దీ కాస్త నిలబడ్డాయి. ఆఖరిది మా రికార్డులో ఉన్న సంతకానికి దగ్గరగా ఉంది. భర్త పోయిన ఒక పెద్దావిడ, చేతికి వణుకు వచ్చి సంతకం మారిపోతే, మా చీటీ చూసి తన సంతకాన్ని తానే మళ్లీ నేర్చుకుంటోంది.

నేను లేచి పై అధికారి దగ్గరికి వెళ్లాను. చేయి వణికేవాళ్లు సాక్షుల సమక్షంలో వేలిముద్ర వేయొచ్చన్న నిబంధన ముందు నుంచే ఉందట. చీటీ మీద ఆ మాట ఎవరూ వేయలేదు. రెండు వాక్యాలు రాసి ఇచ్చాను. అవి చీటీ మీదికి ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది. ఆలోగా నేను చీటీల మీద చేత్తో రాసి పంపాను. ఆ సీట్లో ఇంకో పదకొండేళ్లు పనిచేశాను. సంతకాలు పోల్చడం ఎప్పుడూ సరదా పని కాలేదు. కానీ కాగితానికి అవతల ఒక చేయి ఉందని తెలిశాక, ఆ బతుకేమిటి అనే ప్రశ్న మళ్లీ ఆ రూపంలో రాలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే మీకు చెప్పడానికి వెనకాడేదాన్ని. మనస్తత్వ శాస్త్రవేత్త ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులను తీసుకున్నారు. తిట్లు తినే ఉద్యోగం అది. వాళ్లలో కొందరిని, ఆ విరాళాల వల్ల స్కాలర్‌షిప్ పొందిన ఒక విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడనిచ్చారు. అంతే. నెల తర్వాత చూస్తే ఆ బృందం ఫోన్ల మీద గడిపే సమయం, తెచ్చే విరాళాలు రెండూ రెట్టింపుకు మించి పెరిగాయి. జీతం పెంచలేదు, ప్రసంగాలు ఇవ్వలేదు.

ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు ఆసుపత్రుల్లో శుభ్రం చేసే సిబ్బందితో మాట్లాడారు. నియామక పత్రంలో అందరి పనీ ఒకటే. కొందరు నేల తుడిచి వెళ్లిపోయేవారు. కొందరు ఏ రోగి దగ్గరికి ఎవరూ రావడం లేదో కనిపెట్టి అక్కడ రెండు నిమిషాలు ఎక్కువ ఉండేవారు, నర్సుల పనికి అడ్డం రాకుండా తమ పని వేళలు సర్దుకునేవారు. ఈ రెండోరకం వాళ్లకు ఎవరూ ఆ పని అప్పగించలేదు. తమ పనిలోకి తామే చేర్చుకున్నారు.

అలాగని ఎక్కడున్నా సర్దుకుపొమ్మని నేను చెబుతున్నట్టు అనుకోకండి. మనిషిని పిండేసే ఉద్యోగానికి అర్థం వెతుక్కోమనడం అన్యాయం. మీరు విచారించాక, మీ రిపోర్టు నిజంగానే ఎవరూ చదవడం లేదని తేలవచ్చు. తేలితే మంచిదే. ‘దీన్ని ఆపేద్దాం, ఆ సమయంలో ఇంకొకటి చేస్తాను’ అని అధికారిని అడగడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఆయన మంచివాడని మీరే రాశారు. అడిగినా కదలకపోతే, అప్పుడు ఉద్యోగం మారడం గురించి ఆలోచించడానికి మీకు అసలైన కారణం దొరికినట్టే. ఇప్పుడున్నది కారణం కాదు, ఉక్కపోత.

ఉద్యోగం ఉద్యోగంగానే మిగిలిపోయినా తప్పేమీ లేదు. కుటుంబాన్ని నిలబెట్టే పని గౌరవమైన పనే. ఇదే రెజ్నెస్కీ బృందం 1997లో, తమ పనిని బతుకుతెరువుగా చూసేవాళ్లు, ఎదుగుదలగా చూసేవాళ్లు, తమ జీవన కార్యంగా చూసేవాళ్లు అని మూడు రకాల వాళ్ల గురించి రాసింది. ఒకే హోదాలో పనిచేసే 24 మంది ఆఫీసు సహాయకుల్లో కూడా మూడు రకాలూ ఇంచుమించు సమానంగా కనిపించారు. కాబట్టి ‘ఏ ఉద్యోగం చేస్తే జీవితానికి అర్థం వస్తుంది?’ అని అడిగితే జవాబు దొరకదు. కొందరికి అది ఆఫీసు బయట, సాయంత్రాల్లో ఉంటుంది. మీరు ఏ రకమో నాకు తెలియదు. మీకూ ఇంకా తెలియదు. అందుకే ఆ నోట్‌బుక్ కావాలి.

మొదటి పేజీ చింపేశాక, మూడు వారాలు రోజూ పడుకునే ముందు రెండే రెండు వాక్యాలు రాయండి. ఈరోజు గడియారం వైపు చూడని సమయం ఏది? ఈరోజు నా వల్ల ఎవరికైనా కొంచెం పని తేలికైందా, ఎవరికి? ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయండి, దాని గురించి టెన్షన్ పడొద్దు. ‘బాగుంది’, ‘చిరాగ్గా ఉంది’ లాంటి మాటలు వద్దు. ‘ఫలానా పట్టికలో తేడా ఎక్కడొచ్చిందో వెతుకుతున్నప్పుడు’ అని రాయాలి, అంత వివరంగా. మూడు వారాల తర్వాత ఒకేసారి కూర్చుని చదివితే, ఒకే రకం పని నాలుగైదుసార్లు కనిపిస్తుంది. అది మీరు ఊహించుకున్నదే అయి ఉంటుందన్న నమ్మకం లేదు. నాకు ఉత్తరాలు రాసే చాలామంది తమకు ఏది ఇష్టమో చెప్పడంలో పొరపాటు పడతారు, ఏం చేశారో చెప్పడంలో పడరు.

అలా కనిపించినదాన్ని వారానికి నాలుగు గంటల చొప్పున రెండు నెలలు ఎక్కువగా చేసి చూడండి. ఆఫీసులో కుదిరితే ఆఫీసులో, లేదంటే బయట. ఎవరికీ ప్రకటించొద్దు. ప్రకటిస్తే అది మళ్లీ ‘జీవిత లక్ష్యం’ అయి కూర్చుంటుంది. మీ భార్యకు మాత్రం చెప్పండి. ఆమె మాట మీకు గుచ్చుకుంది, నాకు తెలుసు. కానీ ‘ఉన్నదాంతో సంతోషంగా ఉండలేవా?’ అని అడిగిన మనిషి కూడా ఆదివారం సాయంత్రాలు మీ ముఖం చూస్తూ గడుపుతోంది. మీరు ఉద్యోగం మానేస్తారేమోనన్న భయం ఆమెకు ఉండే ఉంటుంది. ‘రెండు నెలల దాకా ఏ నిర్ణయమూ తీసుకోను, ఈలోగా ఇది చూస్తున్నాను’ అని తేదీతో సహా చెబితే ఆమెకూ ఊపిరి ఆడుతుంది.

నేను ఆగిపోయిన వాక్యం ఇప్పుడు చెబుతాను. కొత్తగా చేరిన అమ్మాయికి పని అర్థం కావడం లేదని రాత్రి పదకొండు దాకా కూర్చుని నోట్సు రాసిచ్చాను అన్నారు. దాన్ని ఫిర్యాదుల మధ్యలో పెట్టారు, వెంటనే ‘ఇలాంటి వాటితోనే రోజులు గడిచిపోతున్నాయి’ అన్నారు. మీ ఉత్తరం మొత్తంలో ఎవరూ అడగకుండా, ఎవరైనా మెచ్చుకుంటారన్న ఆశ లేకుండా మీరు చేసిన పని అదొక్కటే. అవసరం ఉన్న మనిషి ముఖం మీకు కనిపించిన పని కూడా అదొక్కటే. చిక్కుపడినదాన్ని విడదీసి ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం అందరూ చేసేది కాదు. తొమ్మిదేళ్ల పని తెలిసినవాళ్లలో చాలామంది ‘మెల్లగా నీకే వస్తుందిలే’ అని వెళ్లిపోతారు. మీరు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అదే మీ దారి అని నేను తేల్చి చెప్పను. ఒక రాత్రిని చూసి అలా చెప్పకూడదు. కానీ ఆ రాత్రి మీరు ఎన్నిసార్లు గడియారం చూశారో గుర్తు చేసుకోండి. సోమవారం ఆఫీసుకు వెళ్లగానే ఆ అమ్మాయిని ఒక మాట అడగండి, నోట్సు బాగున్నాయా అని కాదు, చదువుతూ ఏ పేజీ దగ్గర ఆగిపోయిందని. ఆ పేజీని మళ్లీ రాయండి. ఏం జరిగిందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.